ఖాతాలు తారుమారైతే వయసని సరిపెట్టుకోకండి

"వయసైపోయింది కదా మేడం, చాదస్తం." పెద్దల్ని నా గదికి తెచ్చిన కొడుకులూ కోడళ్లూ ముందుగా అనే మాట ఇది. హైదరాబాదులో ఒక ఆస్పత్రి న్యూరాలజీ విభాగంలో సైకాలజిస్టుని, జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తాను. చాదస్తమే అయితే ఇంతదూరం ఎందుకు తెచ్చారని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

జనగామ వైపు నుంచి ఒకావిడ వచ్చారు. డెబ్బై దాటాయి. ఊళ్లో కిరాణా కొట్టు నడిపిన మనిషి, ఎవరి అరువు ఎంతో కాగితం లేకుండా చెప్పేవారట. ఈమధ్య తీర్చినవాళ్లనే మళ్లీ బాకీ అడుగుతున్నారు. "ఇచ్చేశాం కదమ్మా" అంటే ఒప్పుకోరు, పోట్లాటకు దిగుతున్నారు.

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచి వెతుక్కోవడం ఏ వయసులోనైనా ఉండేదే. పొద్దున చెప్పిన సంగతి గుర్తుచేసినా అసలు తట్టకపోవడం, రోజూ నడిచే దారిలో తికమకపడటం, ఏళ్లుగా చేసిన వంటలో వరుస తప్పడం వేరు. పక్కింటి పెద్దాయనతో పోల్చకండి. ఆ మనిషి నిరుడు ఎలా ఉన్నారో, ఇప్పుడెలా ఉన్నారో చూడండి.

"అమ్మకు చదువు రాదు, పరీక్ష ఎట్ల రాస్తది?" అని ఆ జనగామ ఆవిడ కొడుకు సంశయించాడు. రాయాల్సిన పనిలేదు. చదువు రానివారికి గడియారం బొమ్మ వేయమనడం అన్యాయం. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతాం. నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు వస్తాయో చూస్తాం. చిల్లర లెక్క అడుగుతాం. పక్కనున్నవాళ్లు దయచేసి జవాబు అందించకండి.

అక్షరం రాకపోతే మెదడుకు పదును లేదనుకోవడం నాకు నచ్చదు. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డెమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) రోగుల్ని పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మా కిరాణా అమ్మ తెలుగులోనూ ఉర్దూలోనూ బేరాలాడినావిడే.

జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రాన డెమెన్షియా అని తేల్చేయరు. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. పెద్దవయసులో చిన్న దెబ్బకే తలలో రక్తం గడ్డకట్టి, వారాల తర్వాత మనిషిని మార్చేయొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకే రక్తపరీక్షలు, స్కానింగ్. ఆవిడకు బీ12 బాగా తక్కువుంది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి, కొన్ని నెలలాగి మళ్లీ పరీక్షిస్తాం.

డెమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అని తేలితే దాన్ని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. అయినా తొందరగా తెలిస్తే పొలం కాగితాలు, బ్యాంకు లెక్కలు, తనను ఎవరు చూసుకోవాలన్నది ఆ మనిషే స్వయంగా చెప్పగలరు. ఆ అవకాశం ఎక్కువకాలం ఉండదు. ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు: మన దేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డెమెన్షియా ఉందని అంచనా.

అనుమానం వస్తే ఆలస్యం చేయకండి. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లే వెంట రండి. పండక్కి వచ్చి చూసిపోయేవారికంటే వాళ్లు చెప్పే సంగతులే డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడతాయి.