అంతర్జాతీయ విమానాశ్రయము: ఒక పదవిచారము

విజయనగరము జిల్లా భోగాపురమున 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగిన విమానాశ్రయమునకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. ఆ పేరు వెనుక ‘అంతర్జాతీయ విమానాశ్రయము’ అను రెండు మాటలు కలవు. ఊళ్లలోని జనులు ఈ రెంటిని పలుకరు. ‘ఎయిర్‌పోర్టు కాడకి’ అనియే యందురు. అది తప్పని మేమనము. పరభాషాపదమునకు తన తునకను తగిల్చి తనదిగా చేసికొనుట బ్రతికియున్న భాషకు లక్షణము. అయితే ఆ ఇంగ్లీషు మాట లెట్లు కూడినవో మన పిల్లలకు విప్పి చెప్పువారు లేకుండుటయే మా విచారము.

‘ఇంటర్నేషనల్’ అను మాటను చూడుడు. ‘ఇంటర్’ ఉపసర్గ, ‘నేషన్’ ప్రకృతి, ‘అల్’ ప్రత్యయము. మన ‘అంతర్జాతీయ’ శబ్దమునను మూడు భాగములు అదే వరుసలో నున్నవి. ఇంకొక వింత కలదు. ‘నేషన్’ అనునది పుట్టుట యను నర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. ‘జాతి’ మన ‘జన్’ ధాతువునుండి వచ్చినది. ఈ రెండు ధాతువులును ఒకే మూలమునుండి చీలినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ‘ఇంటర్’, ‘అంతర్’ అనునవియు నట్టివే. ఈ ఇంగ్లీషు మాటను 18వ శతాబ్ది చివర జెరిమీ బెంథాం కల్పించి, క్రొత్తమాట వాడినందుకు పాఠకులకు సంజాయిషీ చెప్పుకొనెను.

‘ఎయిర్‌పోర్టు’ సమాసము. ఓడరేవు మాటను ఆకాశమునకు నడిపిరి. మన విమానాశ్రయమును నౌకాశ్రయమునకు తోబుట్టువే. అట్టి ఇంగ్లీషు సమాసములందును మన తత్పురుషమునందువలె ప్రధానపదము చివర నుండును. ‘హౌస్‌బోటు’ పడవ, ‘బోట్‌హౌస్’ ఇల్లు. ఈ ఒక్క సూత్రము పట్టువడిన బాలుడు నిఘంటువు తెరవకయే ఎన్నియో మాటల నూహింపగలడు.

ప్రత్యయముల సంగతి బడితో తీరునది కాదు, దస్తావేజులదాక వచ్చును. ‘ఎంప్లాయరు’ పని యిచ్చువాడు, ‘ఎంప్లాయీ’ పని పొందినవాడు. యజమానికిని నౌకరుకును గల భేదమంతయు మాట చివరనే యున్నది. ఈ లెక్కను ‘మార్ట్‌గేజరు’ అనగా అప్పిచ్చిన షావుకారనియు, ‘మార్ట్‌గేజీ’ అనగా అప్పుపడిన రైతనియు తోచును. నిజము తలక్రిందులు. అక్కడ ఇచ్చునది రొక్కము కాదు, తనఖా. భూమిని తనఖా యిచ్చువాడు రైతు గనుక అతడే మార్ట్‌గేజరు, షావుకారు మార్ట్‌గేజీ. తెలియక వ్రేలిముద్ర వేసిన వారెందరో!

‘అసైన్డు’ భూమిలోని ‘డు’ మన రాముడు, భీముడులలోని డుకారము కాదు. కేటాయింపబడిన దని తెలుపు ఇంగ్లీషు ప్రత్యయము. భూమిలేని పేదలకు ప్రభుత్వము కేటాయించిన యట్టి భూమి నమ్మరాదని 1977 నాటి చట్టము నిషేధించెను. తరువాతి సవరణలెట్లున్నను, 2015లో భూసేకరణను రైతులెదిర్చిన భోగాపురము వంటి చోట్ల ఆ తునక బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేయుచు 2019 నవంబరులో ఉత్తరువు వెడలెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ వాదము నిక్కడ తిరిగి త్రవ్వము. మాధ్యమ మేదైనను మాటలను మంత్రములవలె వల్లెవేయించుట విద్య కాదు. శ్రీకాకుళపు సీమలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవరభాషను సవరల నోటనే విని నేర్చి, 1931లో దానికొక వ్యాకరణము ప్రకటించెను. ఆ భాషలో నామము పొట్టిరూపు దాల్చి క్రియలోనికి చొచ్చును. ఒక్కొక్కప్పుడు వాక్యమంతయు ఒకే పదమగును. దానిని విడదీసి చూపినవాడు మన జిల్లాల పంతులే.

నేడు సమాసములు తెలుగు గంటలో, ప్రిఫిక్సు సఫిక్సులు ఇంగ్లీషు గంటలో, ఒకదానికొకటి సంబంధము లేనట్లు నడచుచున్నవి. ఇద్దరు మాస్టర్లును వారమున కొక గంట కలిసి, ముందుగా ఆ విమానాశ్రయపు పేరునే నల్లబల్లపై రెండు భాషలలోను వ్రాసి, పిల్లలచేతనే ముక్కలు విడదీయింపవచ్చును. దీనికి క్రొత్త ఉత్తరువు అక్కరలేదు, సుద్దముక్క చాలును.