పాత యాటపెట్టెకు మంచి మీటలు

రవికె బొత్తా మొకటి యూడిపోయినంతమాత్రమున రవికెనే పాఱవైచు గృహిణి మనలో నుండదు. బొత్తాముల డబ్బా తీసి, రంగు చూచి, కన్నములు లెక్కించి, మందము సరిపోల్చి, తగినదానిని వెదకి కుట్టుకొందుము. ఈ నేర్పు మనకుఁ దల్లులవలన వచ్చినది. కాని యింటిలోని యంత్రమునకు మీట యొకటి చెడినచో నీ నేర్పంతయు మఱచిపోయి, “ఇది మనకుఁ దెలిసిన పని గాదు” అని దాని నటుకమీఁది కెక్కింతుము. నేనును అట్లే చేసితిని. మా చిన్ననాఁటి వీడియోగేముపెట్టె కనిగిరిలోని మా పుట్టినింటి యటుకమీఁద నిరువదియేండ్లకుఁ బైగా నుండెను. దానిని దింపి బాగుచేయఁబోయి నేను దెలిసికొనిన సంగతులు సోదరీమణులకుఁ జెప్పవలెనని యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

1994వ సంవత్సరపు వేసవిలో మా నాయనగారు పనిమీఁద మద్రాసు వెళ్ళి, బర్మాబజారులో నీ పెట్టెను గొని తెచ్చిరి. టెలివిజనుకుఁ దగిలించి యాడవలయును. చేతఁబట్టుకొని నొక్కెడి మీటల పలకలు రెండు. వానిని మేము రిమోటులనెడివారము. ఆటలుండు డబ్బీలను క్యాసెట్టులనెడివారము. అన్నయ్యకుఁ బండ్రెండేండ్లు, నాకుఁ దొమ్మిది. మొదటి రిమోటు వానిది, రెండవది నాది. ఏఁడాది తిరుగకముందే వాని రిమోటులో నెగురుటకు నొక్కెడి మీట చెడెను. ఏ రిమోటు తీఁగ నే కన్నమునకైనఁ దగిలింపవచ్చును గనుక, వాఁడు బాగున్న దానిని దాను దీసికొని, చెడినదానిని నా కిచ్చెను. అది యింటిలో నెవరికిని దప్పుగాఁ దోఁచలేదు, నాకును దోఁచలేదు.

‘కాంట్రా’ యను నాటలో జలపాతము నెక్కు ఘట్టమొకటి గలదు. ఇద్దఱును గలిసి యెక్కవలయును. ఒకరు ముందుగా నెక్కినచోఁ దెర పైకి జరుగును; వెనుకఁబడినవారు క్రింద మిగిలి చత్తురు. నేను మీట నొక్కుదును. నా బొమ్మ యెగురదు. మరల నొక్కుదును, అప్పటికిఁ దెర జరిగిపోవును. “దీనికి ఆట రాదు నాన్నా!” అని అన్నయ్య కేక పెట్టును. “ఆడపిల్లకు ఈ ఆటలు అబ్బుతాయా?” అని పొరుగింటి పిన్నమ్మగారు నవ్వును. కొన్నాళ్ళకు నేనును నమ్మితిని. ఆట మానివేసి ప్రక్కఁ గూర్చుండి చూచుట నేర్చుకొంటిని.

నాయనగారు కాలధర్మము నొందిరి. ఏఁడాది తిరిగి సంవత్సరీకమునకు అన్నయ్య బెంగుళూరునుండి పిల్లలతో వచ్చుచున్నాఁడని తెలిసి, అటుక సర్దుచుండఁగా నీ పెట్టె చేతికి వచ్చెను. పిల్లలకుఁ జూపవచ్చునని తగిలించి చూచితిని. బొమ్మ వచ్చినది, సంగీతము వచ్చినది; నా రిమోటులోని మీట మాత్రము పలుకలేదు.

ఈ పెట్టెల పుట్టుక

జపాను దేశమునందలి నింటెండో కంపెనీ 1983 జూలై 15వ తేదీన ‘ఫ్యామిలీ కంప్యూటరు’ అను నాటపెట్టెను విడుదల చేసెను. పిదప మన యూళ్ళకు వచ్చిన సామురాయ్, లిటిల్ మాస్టర్ మొదలగు పెట్టెలు ఆ పోలికపైఁ జేసినవే. ఎడమచేతి బొటనవ్రేలిక్రింద నుండెడి నాలుగు దిక్కుల మీటను గుంపేయ్ యోకోయ్ అను నాయన రూపొందించెను. 1982లో నొక చేతియాటపై నది మొదట వచ్చినది.

మీటల విషయమునఁ దయారుచేసినవారే తొలుతఁ బొరపడిరి. మొదటి పెట్టెలకుఁ జదరపు రబ్బరు మీటలను బెట్టిరి. అవి యరిగి, అంచుల నిఱుకుకొని, పైకి లేవకపోవుచుండెను. పిదప వానిని మార్చి గుండ్రని ప్లాస్టిక్కు మీటలను బెట్టిరి. ఆ కంపెనీ 2003లో నీ పెట్టెల తయారీని నిలిపి, 2007 అక్టోబరు 31వ తేదీతో మరమ్మతులను గూడ మానివేసెను. విడిభాగములు కొఱఁతపడుటయే కారణము. చేసినవారికే దొరకని సామాను కనిగిరిలో మనకు దొరకునా యని మీ రడుగవచ్చును. దొరకును. ఎట్లు దొరకునో తెలియుటకు ముందు రిమోటు కడుపులో నేమున్నదో చూడవలయును.

మీట క్రింది సంగతి

రిమోటు వెనుకనున్న మరలను విప్పితిని. పైకిఁ గనఁబడు ప్లాస్టిక్కు మీట వట్టి టోపీ వంటిది. దాని క్రింద మెత్తని సిలికోను రబ్బరు పొర గలదు; ఆ పొర మీటమీటకు నొక చిన్న గొడుగువలె నుబికియుండును. గొడుగు లోపల నొక నల్లని బిళ్ళ. కర్బనము కలిపిన రబ్బరుతోఁ జేసినది. దాని కెదురుగాఁ బచ్చని పలకపై రెండు దువ్వెనల పండ్లు ఒకదానిలో నొకటి దూరియున్నట్లు నల్లని గీఁతలుండును. కాని యొకదాని నొకటి తాఁకవు. మీట నొక్కఁగా బిళ్ళ యాగీఁతలపై వ్రాలి వానిని గలుపును, విద్యుత్తు ప్రసరించును, బొమ్మ యెగురును. వ్రేలు తీయఁగా గొడుగు తనంతఁ దాను లేచును.

కావున మీట చెడినదని మన మనుకొనునప్పుడు పైమీట బాగుగనే యుండును. చెడినది బిళ్ళయో, గొడుగో, గీఁతలో కావచ్చును. చెమట, జిడ్డు, దుమ్ము చేరి బిళ్ళ కప్పఁబడును. ఏండ్లు గడచినకొలఁది కర్బన మరిగిపోవును. గొడుగు మడతలు చిట్లును. ఈ భేద మెఱుఁగక మీటలు కొన్నవారి డబ్బు దండుగ.

నా రిమోటులో నింకొక వస్తువు గూడఁ గనఁబడెను. ఎగురు మీట క్రింది బిళ్ళపై, సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము గుండ్రముగాఁ గత్తిరించి యంటింపఁబడి యుండెను. అది నల్లఁబడి, ఒకవైపు లేచిపోయి యున్నది. మా యింటిలో సిగరెట్టు త్రాగినవారు నాయనగా రొక్కరే. ఆ సంగతి యాయన నాతోఁ జెప్పలేదు. ఎన్నఁడు విప్పిరో, ఎన్నఁడు మూసిరో నే నెఱుఁగను. అందఱును నాకు ఆట రాదనుచుండఁగా నాయన మాత్రము మీట ననుమానించెను. నే నప్పటికే మానివేసి యుందును. వెండికాగితము పనిచేసెనో లేదో యాయనకుఁ దెలిసియే యుండదు.

వెండికాగితము నాలుగునాళ్ళ వైద్యమే. జిగురు వీడును, కాగితపు టంచు పలకపైని గీఁతలను గీఁకివేయును. నేను దానిని మెల్లఁగాఁ దీసి యొక కవరులో దాఁచితిని.

మొదటి చికిత్స

క్రొత్త సామాను వెదకుటకు ముందు శుభ్రపఱచుట మన విధి. ఆటపెట్టె తీఁగను గోడనుండి తీసివేసి, మందుల దుకాణములలో దొరకు ఐసోప్రొపైలు ఆల్కహాలుతోఁ దడిపిన దూదితో గీఁతలను, బిళ్ళలను దుడువవలయును. గట్టిగా రుద్దరాదు; కర్బన మూడివచ్చును. మా ప్రాంతపు సోదరీమణు లొకటి గుర్తుంచుకొనవలయును. కనిగిరి చుట్టుప్రక్కల బోరునీటిలో ఫ్లోరైడు మొదలగు లవణములు మెండు. ఆ నీట కడిగి యాఱఁబెట్టినచోఁ దెల్లని పొర మిగులును. అది బిళ్ళకును గీఁతకును నడుమ నిలిచి మొదటికే మోసము తెచ్చును. కడుగవలసివచ్చినచో బ్యాటరీలకుఁ బోయు డిస్టిల్డు నీటినే వాడుఁడు.

మా మేనకోడలు మార్కాపురపు పలకను, బలపమును దెచ్చి, “అత్తా, దీనితో రుద్దితే?” అని యడిగెను. బలపము ఱాయి, దానియందు విద్యుత్తు ప్రసరింపదు. వ్రాఁతపెన్సిలులోని గ్రాఫైటునందు మాత్రము ప్రసరించును. మెత్తని పెన్సిలుతో బిళ్ళను రుద్దినచో నది కొన్నాళ్ళు పలుకును. పొడి రాలి గీఁతల నడుమఁ బడకుండఁ జూచుకొనవలయును. ఇదియు శాశ్వతము గాదు.

మంచి సామాను దొరకు తావులు

మా బస్సుల నిలయము దగ్గఱి టెలివిజను మరమ్మతు దుకాణమునకుఁ బోయితిని. ఆ యబ్బాయి చూచి, “అక్కా, దీనికి సామాను యాడ దొరుకుద్ది? కొత్తది కొనుక్కో” అనెను. అతనివెనుక నొక గోనెసంచి నిండఁ జచ్చిన టెలివిజను రిమోటులు గలవు. ఒకటి విప్పి చూపుమంటిని. లోపల నదే సిలికోను పొర, అవే నల్లని బిళ్ళలు! అతఁడు నవ్వి నాలుగు రిమోటు లూరకే యిచ్చెను. వానిలో నెప్పుడును నొక్కని మీటలు కొన్ని యుండును గదా; వాని బిళ్ళలు క్రొత్తవాని వలెనే యుండును. ఆ బిళ్ళను సన్నని బ్లేడుతోఁ బలుచఁగాఁ గోసి, అరిగిన బిళ్ళపై సిలికోను జిగురుతో నంటింపవచ్చును. మామూలు జిగురు సిలికోనునకుఁ బట్టదు. పుల్లని వాసన వచ్చు జిగురు రాగిని దినివేయును గనుక నది వలదు.

ఇంకొక నిధి మన రిమోటులోనే యున్నది. కొన్నిటిలో నెగురు మీట, కాల్పు మీట, వాని పైనుండు వేగపు మీటలు రెండు, ఈ నాలుగును నొకే చదరపు రబ్బరు పొరపై నుండును. పొరను దలక్రిందుగాఁ ద్రిప్పి పెట్టినచో నరుగని బిళ్ళలు ముఖ్యమైన మీటలక్రిందికి వచ్చును. తెగిన చీర నడుమఁ జింపి యంచులు గలిపి కుట్టుకొనుట వంటి యుపాయ మిది.

ఇవి రెండును గుదరనప్పుడు బజారునకుఁ బోవలయును. హైదరాబాదు కోఠీలోని గుజరాతీగల్లీలోను, చెన్నైలోని రిచ్చీ వీధిలోను విడిభాగముల దుకాణములు వరుసగా నున్నవి. క్రొత్తగాఁ దయారైన రబ్బరు పొరలు ఇంటర్నెట్టు మూలమునఁ దెప్పించుకొనవచ్చును. నేను మొదట తెప్పించినవి కన్నములకు సరిపోయెను గాని మిక్కిలి మెత్తనివి. క్రిందివైపు నొక్కినప్పుడు నా బొమ్మ నేలపైఁ బండుకొనవలయును. దానికి బదులు మూలకు గుఱిపెట్టుచుండెను. ఒక దిక్కు నొక్కఁగాఁ బ్రక్కదిక్కు బిళ్ళ గూడ దిగుచున్నదన్నమాట. రెండవసారి తెప్పించినవి కుదిరెను.

కొనునప్పుడు చూడవలసిన గుఱుతులు

మొదటిది, కొలఁత. పాత పొరను దెల్లకాగితముపైఁ బెట్టి పెన్సిలుతో గీఁచుకొని, బిళ్ళల నడిమి దూరమును, కన్నముల తావును గుఱుతు పెట్టుకొనవలయును. అమ్మువానిని గొలబద్ద ప్రక్కఁ బెట్టి తీసిన ఫొటో యడుగుఁడు.

రెండవది, ఎత్తు. గొడుగు పొట్టిదైనచో మీట లోతుగాఁ గూర్చుండును; పొడవైనచో మూఁత బిగింపఁగనే తనంతఁ దాను నొక్కుకొని యుండును.

మూఁడవది, బిళ్ళ. పైపూఁతగా నల్లరంగు వేసినది వ్రేలితో రుద్దఁగా నంటుకొనును. అది త్వరలోఁ బోవును. మల్టీమీటరు గలవారు రెండు మొనలు బిళ్ళపైఁ బెట్టి చూడుఁడు. అంకె యెంత తక్కువయైన నంత మేలు. బిళ్ళలన్నియు నించుమించుగ నొకే యంకె చూపవలయును.

నాలుగవది, నాలుగు దిక్కుల మీట. దాని యడుగున నడుమనుండు చిన్న పొడుచు అరిగియున్నచో నెంత మంచి రబ్బరును నిలువదు. అప్పుడు మాత్రము ప్లాస్టిక్కు మీటనుగూడ మార్చవలయును.

ఐదవది, తీఁగకొన. తొమ్మిది మొనలది యొకటి, పదునైదు మొనలది యొకటి గలవు. రిమోటునే మార్చఁదలఁచినవారు మొనలు సరిపోయినంతనే మోసపోరాదు. ఒకే యాకారములో లోపలి తీఁగల వరుస వేఱుగా నుండవచ్చును.

రంగు విషయమునఁ బట్టుదల వలదు. పాత ప్లాస్టిక్కు ఎండకుఁ బసుపెక్కును. క్రొత్తమీట కొంచెము తెల్లగాఁ గనఁబడిన నాట చెడదు. విప్పునప్పుడు మరలను, బిళ్ళలను బసిపిల్లల కందనీయకుఁడు.

ఆనాఁటి సాయంకాలము

సంవత్సరీకము ముగిసి బంధువులు వెళ్ళినపిదప పిల్లలు టెలివిజను ముందుఁ జేరిరి. వా రలసిన తరువాత అన్నయ్య మొదటి రిమోటును, నేను రెండవదానిని దీసికొంటిమి. జలపాతము వచ్చెను. నేను మీట నొక్కితిని. నా బొమ్మ యెగిరెను. మరల నొక్కితిని, మరల నెగిరెను. ఱాతిమీఁదనుండి ఱాతిమీఁదికిఁ బోయి వానికంటె ముందు నేనే పైకిఁ జేరితిని. వాఁడు క్రింద మిగిలి చచ్చెను. మేనల్లుఁడు చప్పట్లు చఱచెను.

“ఇంత బాగా ఆడతావని నాకు తెలీదే!” అని అన్నయ్య యనెను. నేను కవరు తెచ్చి వెండికాగితమును వాని యరచేతిలోఁ బెట్టితిని. అది యెక్కడిదో చెప్పితిని. వాఁడు దానిని వెనుకకు ముందునకుఁ ద్రిప్పి చూచుచుఁ జాలసేపు మాటాడలేదు. పిదపఁ దన కూఁతును బిలిచి మొదటి రిమోటును దాని చేతి కిచ్చెను.

సోదరీమణులారా! మీ యిండ్లలో నిట్టి పెట్టె యున్నచో నొకసారి దింపి చూడుఁడు. పని పెద్దది గాదు. బొత్తాము కుట్టుట వచ్చిన చేతికిఁ జాలును. పాత రబ్బరును దీసినపుడు పాఱవేయకుఁడు. రేపు కొలఁతకుఁ బనికివచ్చును. మఱియొక మాట. ఇంట నే పిల్లకైన నేదో రాదని నలుగురు ననునప్పుడు, ఆ పిల్ల వ్రేలిని దప్పు పట్టుటకు ముందు దాని చేతి కిచ్చిన మీటను విప్పి చూడుఁడు. ఆ వెండికాగితము ఇప్పుడు మా బొత్తాముల డబ్బాలో నున్నది.