కుకీ పుట్టింది బుట్ట కోసం

వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. అడిగిన పేజీ ఇచ్చేశాక సర్వర్ ఆ మనిషిని మరిచిపోతుంది. మరుక్షణం అతనే ఇంకో పేజీ అడిగినా కొత్త ముఖమే. చదువుకోవడానికి ఇది చాలు, కొట్టు నడపడానికి చాలదు. బుట్టలో బియ్యం వేసి పప్పు పేజీకి వెళ్లేసరికి బియ్యం మాయమైతే బేరం సాగేదెలా?

1994లో అమెరికాలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీకి ఈ చిక్కు ఎదురైంది. ఆన్‌లైన్ దుకాణం కట్టించుకుంటున్న ఎంసీఐ అనే కంపెనీ, సగంలో ఉన్న కొనుగోళ్ల వివరాలు తన సర్వర్లలో ఉండకూడదంది. లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఆ బరువును కొనేవాళ్ల బ్రౌజర్ మీదికి మార్చాడు. సర్వర్ తన జవాబుతో పాటు కొన్ని అక్షరాలు పంపుతుంది. బ్రౌజర్ వాటిని దాచుకుని, ఆ సైటుకు వెళ్లిన ప్రతిసారీ చూపిస్తుంది. అదే కుకీ. ఇప్పటి డెలివరీ సైట్లలో అది చాలావరకు గుడి బయట చెప్పుల స్టాండు టోకెన్ లాంటిది: మన దగ్గరుండేది నంబరే, సరుకంతా వాళ్ల దగ్గరే.

ప్రతి బ్రౌజర్‌కూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని ఇంకా తేలికయ్యేది. కానీ ఆ నంబరుతో మనిషిని ఊరంతా వెంటాడవచ్చని మాంటుల్లీ ఒప్పుకోలేదు. ఒక సైటు పెట్టిన కుకీ ఇంకో సైటుకు అందదన్న కట్టడి అందుకే వచ్చింది.

అయినా సందు మిగిలింది. పేజీలోని ప్రకటన వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తే, ఆ కంపెనీ కూడా తన కుకీ పెట్టుకోవచ్చు. దాని ప్రకటనలు వెయ్యి సైట్లలో ఉంటే, వెయ్యి చోట్లా మనల్ని గుర్తుపడుతుంది. 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2109 ప్రమాణం ఇలాంటి కుకీలకు ముందే తలుపు మూసి ఉంచాలంది. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ వినలేదు. మూసేస్తే ప్రకటనల కంపెనీలు కంటికి కనబడని దారులు వెతుకుతాయి, కుకీనైతే వాడేవాళ్లే చెరిపేసుకోగలరు అన్నది మాంటుల్లీ వాదన. వాదన బాగానే ఉంది, చెరిపేవాళ్లే తక్కువ.

కుకీలను ముందే కాదనే హక్కుకు కోరలు వచ్చింది యూరప్‌లో. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అంగీకారం కిందికి రాదని 2019లో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. కుకీలకు ఒప్పుకోవడానికి ఒక నొక్కు, కాదనడానికి అన్ని నొక్కులా అంటూ 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది.

డెలివరీ సైటులో ‘అవసరమైనవి మాత్రమే’ అన్న మీట నొక్కితే బుట్ట, లాగిన్, పిన్‌కోడ్ నిలుస్తాయి, ప్రకటనల కుకీలు ఆగుతాయి. ఆ మీట లేకపోతే బ్రౌజర్ సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలను, అంటే వేరే కంపెనీలు పెట్టేవాటిని, ఆపేయవచ్చు. సఫారీ బ్రౌజర్ 2020 నుంచి తనంతట తానే ఆపుతోంది. మొత్తం కుకీలు తుడిచేస్తే మళ్లీ లాగిన్ కావాలి, అంతే. ఖాతాలో భద్రమైన బుట్ట తిరిగి వస్తుంది.

అదే దుకాణాన్ని యాప్‌లో తెరిస్తే మాత్రం బ్రౌజర్ కట్టడులు అక్కడ పనిచేయవు. ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌ల కోసం వేరే ప్రకటనల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని తీసేసే మీట ఫోన్ సెట్టింగుల్లో, ప్రైవసీ కింద ‘యాడ్స్’ అన్న చోట ఉంటుంది.