పాత పార్కర్ 51 పెన్ కొంటున్నారా? ‘1941 మోడల్’ అంటే నమ్మేయకండి.. ఇలా చెక్ చేయండి!

పాత పార్కర్ 51 పెన్ను అమ్మేవాళ్లు ‘ఇది 1941 ఫస్ట్ మోడల్ సార్’ అంటే రేటు పెంచడానికే అయ్యుండొచ్చు. ముందు ఇంకు నింపే పద్ధతి చూడండి. బాడీ చివర చిన్న మూత తిప్పితే, లోపల నొక్కే ప్లంజర్ ఉందా? అది వాక్యూమాటిక్. బాడీ మొత్తం విప్పితే లోహపు గొట్టం, దానిపై నొక్కే పట్టీ ఉంటే ఏరోమెట్రిక్. ఇది 1948లో వచ్చింది. అంటే 1941 కథ అక్కడే ఖతం!

అమెరికాలో తయారైన వాక్యూమాటిక్ అయితే బాడీ మీద చెక్కిన పేరు దగ్గర ఒక అంకె, చుక్కలు వెతకండి. 6 ఉంటే 1946. మూడు చుక్కలుంటే ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో చేసింది. ఆ తర్వాత మూడు నెలలకో చుక్క చొప్పున తీసేసేవారు. చుక్కలే లేకపోతే ఏడాది చివరిదన్నమాట. లైట్ పక్క నుంచి వేసి, ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే కనిపిస్తుంది. మెరవాలని పాలిష్ మాత్రం పట్టించకండి, ఆ అంకె చెరిగిపోతే పెన్ను వయసు తేల్చడం కష్టం.

అయితే ఈ కోడ్ చెప్పేది బాడీ వయసే. క్యాప్ ఇంకో పెన్నుది తెచ్చి పెట్టి ఉండొచ్చు. పాత 51 క్యాప్ నొక్కితే పడుతుంది. తిప్పి బిగించాల్సి వస్తే, అది 2021లో మార్కెట్లోకి వచ్చిన కొత్త 51 కావచ్చు.