సైకిల్ మీద ఒక్క రోజులో 100 కిలోమీటర్లు ఎలా?

పల్లె దారుల్లో 30 కిలోమీటర్లు నడిస్తేనే కాళ్లు పీకేస్తాయి. అదే మనిషి కాస్త సాధన చేస్తే సైకిల్ మీద 100 కిలోమీటర్లు దాటగలడు. ఎందుకు? నడకలో అడుగడుగునా కాళ్లు ఒంటి బరువును మోస్తూ, కొంచెం పైకి లేపి దించాలి. సైకిల్ మీద ఆ బరువును సీటు, చక్రాలు మోస్తాయి. కాళ్లకు ముందుకు నెట్టే పనే మిగులుతుంది. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రాన్ని ఒక్కసారి తిప్పి చూడండి. ఇరుసు చుట్టూ చిన్న ఉక్కు గోళీలు దొర్లుతుంటే చక్రం ఎంతసేపు తిరుగుతుందో! రాపిడికి పోయే శక్తి అంత తక్కువ.

అలాగైతే ఇంకా జోరుగా తొక్కి త్వరగా చేరుకోవచ్చు కదా? అక్కడే గాలి అడ్డుపడుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి ప్రతి సెకనుకూ ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే దూరం వెళ్లేవారు నిదానాన్నే నమ్ముకుంటారు. బ్రెవే అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సైకిల్ సవారీ; 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు పదమూడున్నర గంటలు. విరామాలు కలుపుకొని గంటకు సగటున 15 కిలోమీటర్లు చాలు. మరి అరకు లాంటి ఘాట్ రోడ్డు వస్తే? ఒంటి బరువును పైకి చేర్చే పని తప్పదు. అయితే తేలిక గేరు వేస్తే పెడల్ ఎక్కువసార్లు తిప్పాలి గానీ, ఒక్కో తొక్కుకు పెట్టే బలం తగ్గుతుంది. శక్తిని పొదుపుగా వాడుకుంటే దూరం దానంతటదే కరుగుతుంది.