కాలిపోయిన దస్త్రాలు... దొరుకుతున్న తాతల పేర్లు

ఐర్లండు చిన్న దీవి. ఉత్తర ఐర్లండును కలుపుకున్నా అక్కడి జనాభా 70 లక్షలు దాటి కొద్దిగానే ఉంటుంది. కానీ తమ పూర్వికులది ఐర్లండేనని చెప్పుకునేవారు ఒక్క అమెరికాలోనే 3 కోట్లకు పైగా ఉన్నారు.

ఇంతమంది సొంత గడ్డ విడిచిపోవడానికి ప్రధాన కారణం కరువు. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. పేదవాడికి మూడు పూటలా అదే తిండి. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది ఆకలికి, రోగాలకు బలయ్యారు. మరో 10 లక్షలకు పైగా ఓడలెక్కారు. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది.

అలా వెళ్లినవారి మునిమనుమలు ఇప్పుడు తమ ఊరేదో, తాత తండ్రి పేరేమిటో, ఆయనకు భూమి ఎంత ఉండేదో వెతుక్కుంటున్నారు. అందుకు కావలసిన కాగితాలను ఐర్లండు ప్రభుత్వ సంస్థలు ఇంటర్నెట్‌లో ఉంచాయి. ఎవరైనా పైసా చెల్లించకుండా చూసుకోవచ్చు. విచిత్రమేమంటే అసలు దస్త్రాల్లో పెద్ద భాగం నూరేళ్ల కిందటే బూడిదైపోయింది.

ఏడు వందల ఏళ్ల రికార్డులు

1922లో ఐర్లండులో అంతర్యుద్ధం మొదలైంది. డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ న్యాయస్థాన భవనాలను ఒక వర్గం ఆక్రమించింది. ప్రభుత్వ సేనలు ఫిరంగులు పేల్చాయి. జూన్ 30న పెద్ద పేలుడు జరిగి మంటలు లేచాయి. ఆ ఆవరణలోనే ఉన్న ప్రభుత్వ రికార్డుల కార్యాలయంలో ఏడు శతాబ్దాల దస్త్రాలు తగలబడ్డాయి. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. వీలునామాలు పోయాయి. ప్రొటెస్టెంటు చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి.

మిగతా లెక్కల గతి మరీ అన్యాయం. 1861, 1871 లెక్కల పత్రాలను మొత్తాలు తీసుకున్నాక ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జు కిందికి పోయాయి.

పింఛను కాగితాలు

అయినా కొన్ని కుటుంబాల వివరాలు ఒక చిత్రమైన దారిలో బతికాయి. 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల వరకు వృద్ధాప్య పింఛను ఇవ్వసాగారు. వయసు రుజువు చూపాలి. అందరి జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1864లో. 70 ఏళ్ల ముసలివారు అంతకు ఎంతో ముందే పుట్టారు. పుట్టినతేదీ పత్రం ఎక్కడి నుంచి తేగలరు?

అప్పుడు అధికారులు పాత జనాభా లెక్కలు తిరగేశారు. ముసలాయన తన తల్లిదండ్రుల పేర్లు, పల్లె, పారిష్ రాసి అర్జీ పెట్టుకునేవాడు. గుమాస్తా 1841, 1851 లెక్కల్లో ఆ ఇల్లు వెతికి, పిల్లవాడి వయసు అప్పటికి ఎంతో అర్జీ మీద రాసేవాడు. దొరకకపోతే దొరకలేదని రాసేవాడు. తరువాత లెక్కలు కాలిపోయాయి కాని ఆ అర్జీలు మిగిలాయి. ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఉచితంగా చూపిస్తోంది. పింఛను కోసం తిరిగిన ఆ ముసలివారి పుణ్యాన కాలిపోయిన లెక్కల్లోని ఎన్నో ఇళ్ల వివరాలు దక్కాయి.

శిస్తు పుస్తకాల్లో రైతు

రెండో ఆధారం శిస్తు. పేదల సహాయానికి వేసే పన్ను నిర్ణయించడానికి రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 వరకు దేశమంతటా భూములకు, ఇళ్లకు విలువ కట్టారు. సాగు చేసే రైతు పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ ఇందులో ఉంటాయి. మన కరణాల దగ్గర ఉండిన అడంగల్ వంటిదే ఇది. ఎవరి పొలం ఎక్కడిదో పటంలోనూ చూసుకోవచ్చు. ఆస్క్ అబౌట్ ఐర్లండు అనే వెబ్‌సైటులో దీన్ని ఉచితంగా పెట్టారు. అంతకు ముందరి రైతుల పేర్లు 1823, 1837 మధ్య తయారైన చర్చి పన్ను పుస్తకాల్లో ఉన్నాయి. అవీ ఉచితమే. కానీ ఇవి రెండూ కుటుంబం మొత్తాన్ని చెప్పవు. భార్య, పిల్లల పేర్లు వీటిలో వెతికి లాభం లేదు.

గోడలు మట్టివా, రాతివా?

పూర్తిగా మిగిలిన పాత జనాభా లెక్కలు 1901, 1911 సంవత్సరాలవి. వీటిని పేరుతోనూ, ఊరితోనూ వెతకవచ్చు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వయసెంత, చదవడం రాయడం వచ్చునా, ఏ పని చేస్తారు అన్నవి ఉంటాయి. ఇంటి గోడలు దేనితో కట్టారు, కప్పు ఏమిటి, ముందు వైపు కిటికీలెన్ని, పశువుల కొట్టం, కోళ్ల గూడు ఉన్నాయా అన్నది కూడా లెక్కగాళ్లు రాసుకున్నారు. 1911లో పెళ్లయిన ఆడవారిని ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికున్నారు అని అడిగారు.

ఒక తమాషా కూడా ఉంది. 1901లో 55 ఏళ్లని రాయించిన మనిషి 1911కు 70 దాటినట్టు కనబడతాడు. మధ్యలో పింఛను వచ్చింది మరి! అందుకే ఆ లెక్కల్లోని వయసును నమ్మి పుట్టిన ఏడు తేల్చకూడదు.

చర్చి పుస్తకాలు, ప్రభుత్వ రిజిస్టర్లు

ఐర్లండులో ఎక్కువమంది క్యాథలిక్కులు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించినప్పుడు, పెళ్లి జరిగినప్పుడు చర్చిలో రాసుకునేవారు. సుమారు 1880 వరకు ఉన్న ఆ పుస్తకాలను నేషనల్ లైబ్రరీ 2015 జులైలో ఇంటర్నెట్‌లో ఉంచింది. మొత్తం 3 లక్షల 70 వేలకు పైగా పుటల బొమ్మలు. అక్కడ పేరు కొట్టి వెతకడం కుదరదు. పారిష్ తెలుసుకుని ఒక్కొక్క పుట తిప్పాలి. కొన్ని లాటిన్‌లో ఉన్నాయి. మసకబారిన పుటలూ ఉన్నాయి. కానీ బిడ్డ తల్లి పుట్టింటి ఇంటిపేరు సాధారణంగా ఇందులో దొరుకుతుంది. అదే పెద్ద లాభం.

ప్రభుత్వ రిజిస్టర్లు ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి. నూరేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాల అసలు పుటలే చూడవచ్చు. ఇవే రికార్డులను డబ్బు తీసుకుని చూపే కంపెనీలూ ఉన్నాయి. ముందు ఉచితమైనవి చూసి, తరువాతే డబ్బు కట్టడం తెలివైన పని.

2022 జూన్‌లో మరో ప్రయత్నం ఫలించింది. ట్రినిటీ కాలేజీ డబ్లిన్ ఆధ్వర్యంలో, కాలిపోయిన దస్త్రాల నకళ్లను దేశదేశాల గ్రంథాలయాల నుంచి సేకరించి, ఆ పాత కార్యాలయాన్ని కంప్యూటరులో మళ్లీ కట్టారు. అందులో చూడడానికీ రుసుము లేదు.

ఊరు తెలియందే పని జరగదు

ఇన్ని ఉన్నా తాత పేరొక్కటే పట్టుకుని వెళ్లేవారు ఉత్త చేతులతో తిరిగి వస్తారు. జాన్ మర్ఫీ, మేరీ కెల్లీ వంటి పేర్లు ఒక్కొక్క జిల్లాలో వందల్లో ఉంటాయి. అక్కడా పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం ఉండడంతో ఒకే ఇంటిపేరులో అవే పేర్లు తిరుగుతుంటాయి. ఓబ్రియన్ ఒకచోట బ్రియన్ అవుతాడు. కాబట్టి టౌన్‌ల్యాండ్ పేరు కావాలి. అది మన శివారు పల్లె లాంటి అతి చిన్న విభాగం. దేశంలో అలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి. పాత ఉత్తరాలు, సమాధి రాళ్లు, వలస వెళ్లిన దేశంలోని చర్చి పుస్తకాలు చూస్తే ఆ పేరు దొరికే అవకాశం ఉంది.

మన ఓడల వారు

విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కూడా ఎందరో మద్రాసు రేవులో ఓడలెక్కి కూలీలుగా వెళ్లారు. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు 1860 నుంచి, ఫిజీకి మద్రాసు నుంచి 1903 తరువాత ఓడలు నడిచాయి. వారికిచ్చిన పాసుల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసేవారు. వారి మునిమనుమలు ఇప్పుడు ఆ కాగితాలు పట్టుకుని ఇక్కడి పల్లెలను వెతుకుతున్నారు. అక్కడి దొరలు విన్నట్టు రాసుకున్న ఊరి పేరు ఏదో గుర్తుపట్టగలిగేది ఇక్కడి పెద్దలే. తమ ఇంటి నుంచి ఎవరు ఏ ఓడ ఎక్కారో, ఊరికి పాత పేరేమిటో వారు చెబుతున్నప్పుడే ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక పుస్తకంలో రాసి ఉంచడం మంచిది.