బోర్డో మిశ్రమము: సున్నము చాలనిచో కలుగు నష్టము

ద్రాక్షతీగెల బూజు తెగులు నణచుటకై ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమున మిలార్డే పండితుడు 1885వ సంవత్సరమున ప్రకటించిన మందు బోర్డో మిశ్రమము. మైలుతుత్తము, సున్నము, నీరు అను మూడే దీనికి వలయును. అయినను మందు చల్లిన పిమ్మట ఆకులు మాడుట కొన్ని తోటలందు కానవచ్చును. సున్నము చాలకపోవుట ఇందులకొక ముఖ్యకారణము.

ఒక నాగలికి రెండెడ్లు వలెను. ఐదు నాగళ్లును ఆరెడ్లును గల యింట మూడు నాగళ్లే సాగును. తక్కిన రెండును మూలపడియుండును. అట్లే రెండు ద్రవ్యములు కలిసి క్రొత్త ద్రవ్యము పుట్టునపుడు, ఏది ముందుగా తీరిపోవునో అదియే ఫలితమునకు హద్దు. దానిని పరిమిత కారకమందురు. రెండవది యెంత హెచ్చుగానున్నను ఫలితము పెరుగదు, అది మిగిలిపోవును.

శుద్ధమైన మైలుతుత్తము 250 పాళ్లు మార్పు చెందుటకు, నీటితో విరియజేసిన శుద్ధమైన సున్నము 74 పాళ్లు వలయును. తెగులు నణచు రాగి ద్రవ్యమును సులభత కొరకు రాగి హైడ్రాక్సైడుగా నెంచినచో, అది 98 పాళ్లు తయారగును. కావున 1000 గ్రాముల తుత్తమునకు సుమారు 296 గ్రాముల సున్నము కావలెను. ఫలితము సుమారు 392 గ్రాములు. సున్నము 200 గ్రాములే యున్నచో సుమారు 676 గ్రాముల తుత్తమే మారును; ఫలితము సుమారు 265 గ్రాములకు తగ్గును. మిగిలిన సుమారు 324 గ్రాముల తుత్తము నీటిలో కరిగియుండి లేత ఆకులను మాడ్చును. మందు తగ్గుట యొక నష్టము, పైరు మాడుట రెండవ నష్టము.

అట్లయిన 1 కిలో తుత్తమునకు 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు అని చెప్పుటయేల? గాలి తగిలిన సున్నము బొగ్గుపులుసు గాలిని పీల్చి సుద్దగా మారును, రాళ్లును కలిసియుండును. మిగిలిన సున్నము తుత్తమువలె ఆకును మాడ్చదు. కావున తుత్తమే ముందుగా తీరిపోవునట్లు చూచుట క్షేమము.

రెంటిని వేర్వేరుగా సగము సగము నీటిలో కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో మెల్లగా పోయుచు కలియబెట్టవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. పిదప బాగుగా తోమిన ఇనుప కత్తిని అందులో ఒక నిమిషము ముంచి చూడవలెను. కత్తిపై ఎర్రని రాగిపూత పట్టినచో తుత్తము మిగిలియున్నదని యర్థము. పూత పట్టకుండువరకు సున్నపు నీరు చేర్చవలెను. కలిపిన మందు నానాడే చల్లవలెను. ఈ పరీక్ష ముగియనిదే రైతులు మందును తోటలోనికి కొనిపోరాదు.